జొన్నగింజంత

కేతేపల్లి,
12 జనవరి 1960

చెల్లె సాలమ్మకు అన్న ఏసోబు దీవించి రాసేది.

ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. మీ వదిన బిక్షమ్మకు పోయిన బుధవారం పొద్దున ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. రూతమ్మ అని పేరు అనుకున్నాం. వచ్చే నెల చర్చిలో పేరు పెడతారు.

ఈసారైనా నువ్వు రావాలి. నాయినను మట్టి చేసిన రోజు వచ్చి, ఆ మట్టి ఆరకముందే బస్సెక్కిపోయావు. నాలుగేళ్లయింది. ఆ దవాఖానలో రోజూ ఎవరెవరి పిల్లలకో పురుడు పోస్తావు. మన ఇంటి పిల్లను చూడవా?

ఇంకో సంగతి. అమ్మ పిల్లను ముట్టడం లేదు. మంత్రసాని తీసుకొచ్చి ఒడిలో పెట్టబోతే, "నా చేతులు మంచియి గావు, అవుతలికి తీస్కపో" అని లేచి ఇంటి వెనక్కి పోయింది. బిక్షమ్మ ఏడ్చింది. ఆడపిల్ల పుట్టిందని అలిగిందని వాడలో అంటున్నారు. అమ్మ అట్లాంటి మనిషి కాదని నీకు తెలుసు. నువ్వు వచ్చి నాలుగు రోజులు ఉంటే ఆమె మనసు కుదుటపడుతుంది.

నాకు మూసీ మీద కట్ట పనిలో కూలోళ్ల హాజరు రాసే కొలువు దొరికింది. నాలుగో తరగతి చదువు ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది.

పాత సంగతులు ఇక్కడ ఎవరూ తలచుకోవడం లేదు. నువ్వు కూడా తలచుకోకు.

నీ అన్న,
ఏసోబు

---

జడ్చర్ల,
20 జనవరి 1960

అన్నకు సాలమ్మ దండాలు.

ఉత్తరం అందింది. చాలా సంతోషం. పిల్లకు రెండు అంగీలు, ఒక ఊలు టోపీ పార్సిలు చేశాను. వదినను నలభై రోజులు నీళ్లు మోయనివ్వకు.

నేను రాను. ఏదో సాకు రాయొచ్చు గానీ నీకు అబద్ధం రాయడం ఇష్టం లేదు. పాత సంగతులు తలచుకోవద్దన్నావు. తమ్ముడు దానేలు పోయి ఈ నెలతో పదహారేళ్లు. అప్పుడు నీకు పదకొండు, నాకు ఏడు, వాడికి తొమ్మిది నెలలు. అమ్మ జొన్నకోతకు పోతూ వాడిని చీర తొట్టెలలో వేసి నన్ను ఊపమంది. నేను గట్టిగా ఊపాను, తాడు ముడి ఊడింది, వాడు కింద పడ్డాడు. ఆ తర్వాత వాడలో నేను ఏ పిల్ల దగ్గరికి పోయినా తల్లులు వచ్చి ఎత్తుకుపోయేవాళ్లు. "గా పిల్ల చేతికి ఇయ్యకుండ్రి, తమ్ముని మింగింది" అనేవాళ్లు. రెండేళ్లు అట్లా గడిచాక నాయిన నన్ను బోర్డింగు బడిలో చేర్చి వచ్చాడు.

దవాఖానలో పురుళ్లు పోస్తానన్నావు. నిజమే. బిడ్డ పడగానే తుడిచి, బొడ్డు కోసి, పక్కనున్న నర్సమ్మకు ఇచ్చేస్తాను. తొట్టెల పక్కన మాత్రం కూర్చోను. ఇక్కడ అందరికీ అది నా వింత అలవాటుగా తెలుసు. కారణం తెలియదు. పోయినేడు మా కంపౌండరు లింగయ్య తరఫున సంబంధం అడిగారు. మంచివాడు. పెళ్లయితే పిల్లలు పుడతారని వద్దన్నాను. మొన్న దసరాకు ఆయన వేరే పెళ్లి చేసుకున్నాడు.

అందుకని రూతమ్మను దూరం నుంచే దీవిస్తాను. అమ్మను బలవంతం చేయకు. ఆ ఇంట్లో పసిపిల్లను ముట్టడం ఆమెకు కష్టమే.

నీ చెల్లె,
సాలమ్మ

---

కేతేపల్లి,
6 మార్చి 1960

చెల్లెకు దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జవాబు ఆలస్యమైంది, కట్ట మీద పని ఎక్కువగా ఉంది. అంగీలు పిల్లకు ఇంకా పెద్దవి.

చిన్నతనంలో జరిగిందానికి నువ్వు ఇంత బాధపడకూడదు. ఏడేళ్ల పిల్లకు ఏం తెలుస్తుంది? నేనెన్నడైనా నిన్ను ఒక్క మాట అన్నానా?

బిక్షమ్మ కూడా పోయిన వారం నుంచి కట్ట పనికి వస్తోంది. పిల్లను వెంట తెచ్చుకుని వేపచెట్టు కింద తొట్టెల కడుతుంది. అక్కడ ఇంకా పది తొట్టెళ్లు ఉంటాయి. ఈ పిల్ల చాలా బుద్ధిమంతురాలు. పొద్దున వేస్తే మధ్యాహ్నం దాకా కదలదు. తట్టలు మోసే ఆడవాళ్లంతా "నీ బిడ్డ అసుంటి బిడ్డ ఉంటె పదిమందినైన సాదొచ్చు" అంటారు.

అమ్మ ఇంకా అట్లాగే ఉంది. వండుతుంది, ఊడుస్తుంది. పిల్ల ఇంట్లో ఉంటే తను బయట ఉంటుంది.

ఏసోబు

---

జడ్చర్ల,
19 మార్చి 1960

అన్నకు,

ఈ ఉత్తరం నువ్వు ఒక్కడివే ఉన్నప్పుడు చదువు.

పోయిన సోమవారం పొద్దున బండి మీద ఒక తల్లి పది నెలల పిల్లవాడిని తెచ్చింది. పేరు బక్కమ్మ, రాళ్లు కొట్టే మనిషి. "లేస్తలేడు, నిన్నటి సంది నిద్రనే" అంటోంది. డాక్టరమ్మ పిల్లవాడిని నా చేతిలో పెట్టింది. ఒళ్లు మెత్తగా వేలాడుతోంది. గోళ్లు, పెదవులు నేరేడుపండు రంగు. ఒక ఊపిరి తీసుకుని, ఇంక తీసుకోడేమో అనుకునేంతసేపు ఆగి, మళ్లీ ఒకటి. డాక్టరమ్మ కనురెప్పలు ఎత్తి నన్ను చూడమంది. కంటిపాప సూదిమొనంత ఉంది.

డాక్టరమ్మ ఆ తల్లిని ఒక్కటే అడిగింది. "నల్లమందు ఎంత పెట్టినవ్?"

"అందరు పెట్టేదే అమ్మా. నువ్వుగింజంత. నిన్న ఏడుపు ఆపకపోతె ఇంకింత పెట్టిన."

కడుపు కడిగారు. సాయంత్రం దాకా అరికాళ్లు గిల్లుతూ, మొహం మీద నీళ్లు చల్లుతూ వాడిని మెలకువగా ఉంచాం. వాడు బతికాడు. గురువారం నవ్వుకుంటూ ఇంటికి పోయాడు.

నేను ఆ పిల్లవాడిని అంతకుముందు ఎక్కడో చూశాననుకున్నాను. రెండు రోజులకు తెలిసింది. నేను చూసింది వాడిని కాదు, దానేలును. అవే పెదవులు, అవే గోళ్లు, అట్లాగే మెత్తగా వేలాడిన చెయ్యి. దానేలు తలకు దెబ్బ లేదన్నా. రక్తం లేదు, వాపు లేదు. తొట్టెలలోంచి పడి చనిపోయిన పిల్లలను కూడా నేను ఇక్కడ చూశాను. వాళ్లు అట్లా ఉండరు.

ఇంకొకటి. ఆ రోజు నాకు ముక్కలు ముక్కలుగా గుర్తుంది. వాడు ఏడ్చింది గుర్తుంది, ఏడుపు ఆగింది గుర్తుంది, నేను ఊపుతూ ఉండడం గుర్తుంది. కింద పడ్డ చప్పుడు మాత్రం గుర్తు లేదు. పదహారేళ్లుగా ఆ చప్పుడు కోసం వెతుకుతున్నాను. వాడు పడ్డాడని నాయిన చెప్పాడు కాబట్టి పడ్డాడనుకున్నాను.

అమ్మ దానేలుకు నల్లమందు పెట్టేదా? నీకు పదకొండేళ్లు, నాకంటే బాగా తెలిసి ఉండాలి. ఆ రోజు నువ్వు ఎక్కడున్నావు?

సాలమ్మ

---

కేతేపల్లి,
28 మార్చి 1960

చెల్లెకు,

నువ్వు దవాఖానలో రోగాలు చూసి చూసి అన్నిటినీ ఇంటికి తెచ్చుకుంటున్నావు. అప్పట్లో నల్లమందు పెట్టని ఇల్లు లేదు. దొర పొలానికి పోయే ఏ తల్లయినా పెట్టేది. దానికీ దీనికీ సంబంధం కట్టకు. ఏడేళ్ల వయసులో చూసింది ఇప్పుడు సరిగ్గా ఎట్లా గుర్తుంటుంది? నువ్వే ఆలోచించు.

ఆ రోజు నేను ఇంట్లో లేను. నాయిన వెంట కళ్లం కాడ ఉన్నాను. నాకేమీ తెలియదు.

ఈ మాటలు అమ్మ దగ్గర అనకు. ముసలితనంలో ఆమె తట్టుకోలేదు.

రూతమ్మ బాగుంది. ఏడుపన్నదే లేదు, పాలకు కూడా లేవదు, మనమే లేపాలి. కడుపు కొంచెం గట్టిగా ఉంది, నాలుగు రోజులకు ఒకసారి దొడ్డికి పోతోంది. ఎండకు అట్లా ఉంటుందని బిక్షమ్మ అంటుంది. పుట్టినప్పటికంటే చిక్కింది గానీ రంగు వచ్చింది.

ఏసోబు

---

జడ్చర్ల,
1 ఏప్రిల్ 1960

అన్నా,

పాలకు లేవని పిల్లను బుద్ధిమంతురాలు అనరు. ఈ ఉత్తరం అందగానే రూతమ్మను వెలుతురులోకి తీసుకుపోయి కళ్లు చూడు. కంటిపాప చిన్నగా చుక్కలాగా ఉంటే పిల్లను పక్కన పడుకోబెట్టకు, ఎత్తుకుని తిప్పు, అరికాళ్లు గిల్లు. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం ఎక్కువైతే సూర్యాపేట దవాఖానకు తీసుకుపో. దానికి నల్లమందు ఎవరు పెడుతున్నారో నాకు తెలియదు. నీకు తెలుసని నాకు అనిపిస్తోంది.

కళ్లం కాడ నాయిన వెంట ఉన్నానని రాశావు. తమ్ముడు ఎంత లేపినా లేవకపోతే నేను అరిచాను, నాయిన పరుగెత్తుకు వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. "ఏసోబు యాడున్నడు" అని నన్నే అడిగాడు.

పది రోజులు సెలవు అడిగాను. వచ్చే శుక్రవారం హైదరాబాదులో బస్సు మారి సాయంత్రానికి వస్తాను.

సాలమ్మ

---

కేతేపల్లి,
6 ఏప్రిల్ 1960

చెల్లెకు,

నువ్వు బయలుదేరేలోపు ఈ కార్డు అందుతుందో లేదో. హుజూర్‌నగర్ దగ్గర కాలువ తవ్వకానికి కూలోళ్లను మాట్లాడమని మేస్త్రి నన్ను పంపుతున్నాడు. నెల పట్టొచ్చు. నువ్వు వచ్చేటప్పటికి నేను ఉండను. బిక్షమ్మకు చెప్పాను. అక్కడ మన మైసయ్య చిన్నాయిన ఇంట్లో ఉంటాను.

ఏసోబు

---

జడ్చర్ల,
19 ఏప్రిల్ 1960

మైసయ్య చిన్నాయిన ఇంట్లో ఉన్న ఏసోబన్నకు,

నీ కార్డు నేను తిరిగి వచ్చాక ఇక్కడ చూశాను. అందకపోయినా నష్టం లేదు. గుమ్మంలో నీ చెప్పులు లేకపోవడం చూడగానే తెలిసింది.

ముందు నీ పిల్ల సంగతి. బతికే ఉంది, బతుకుతుంది. నేను పోయేసరికి ఇంటి లోపల నిద్రపోతోంది. మూడు నెలల పిల్ల, పుట్టినప్పటి తూకం కూడా లేదు. కంటిపాప ఎట్లా ఉంటుందని రాశానో అట్లాగే ఉంది. నేను సంచీ దించకుండానే పిల్లను ఎత్తుకున్నాను. తర్వాత గానీ గుర్తు రాలేదు, దవాఖాన పనికి తప్ప నేను పసిపిల్లలను ఎత్తుకోనని.

వదినను అడిగితే ఏమీ దాచలేదు. చెంగు ముడి విప్పి చిన్న ఇత్తడి డబ్బీ చూపించింది.

"కట్ట మీద పనిజేసే ఆడోళ్లందరు పెడ్తరు సాలమ్మా. పిల్ల ఏడిస్తె తట్ట దించనియ్యరు. మొదలు నాతోని తట్టలు మోసే గుర్వమ్మ ఇచ్చింది, మల్ల నేనే తెచ్చుకున్న. తప్పా?"

"అన్నకు తెలుసా?"

"ఎందుకు తెల్వది? రోజు జూస్తడు. నేను డబ్బి తీసినప్పుడు ఎదురొస్తె నిలవడ్తడు. ఏదో అంటడనుకుంట. ఏమనడు, ఎనుకకు తిరిగి పోతడు. ఒక్కనాడు వొద్దన్నా మానుకోనా? నా బిడ్డ గాదా?"

ఆమె తప్పేమీ లేదు. తెలియక చేసింది, తెలియగానే ఏడ్చింది. అలవాటు పడ్డ ఒంటికి ఒక్కసారిగా మానిపిస్తే ప్రమాదమని డాక్టరమ్మ ముందే చెప్పి పంపింది. రోజురోజుకు తగ్గించాను. ఎనిమిది రోజులు పిల్ల నా ఒడిలోనే ఉంది. వణికింది, కక్కింది, గొంతు పోయేలా ఏడ్చింది. అంత మంచి ఏడుపు నేను విని ఎన్నాళ్లో అయింది. ఏడో రోజు పాలకు తనంత తానే నోరు తెరిచింది.

ఇక అమ్మ. రెండో రోజు పొద్దున నా చేతిలో ఆ డబ్బీ చూసింది. కుండ దించి నేల మీద కూలబడింది.

"గిది మల్ల నా ఇంట్లకెట్లొచ్చింది?"

నా మొహం చూడకుండా చెప్పింది.

"నేనే సంపిన బిడ్డా. గా దినం కోతకు పోయేటప్పుడు నువ్వుగింజంత పెట్టి పోయిన. రోజు పెట్టేదే. గా దినం వేలికి జర ఎక్కువంటిందేమో. వచ్చేసరికి పిల్లగాడు లేడు. మీ నాయిన నువ్వు పడేసినవన్నడు. అబద్దమని నాకెరుకే. నన్ను కాపాడనీకె నీ మీద పెట్టిండనుకున్న. ఊకున్న. నిన్ను బోర్డింగుల ఇడిసొచ్చిన నాడు గూడ ఊకున్న."

తల్లి నోటి నుంచి ఇది విన్నప్పుడు నాకు ఏమనిపించిందో రాయలేను. ముందు కోపం వచ్చింది. తర్వాత ఆమె చెప్పినదాన్ని దవాఖాన మనిషిలాగా ఆలోచించాను.

పొద్దున పెట్టింది నువ్వుగింజంత. వాడికి నెలల నుంచి అలవాటు ఉన్నదే. పైగా పొద్దు బాగా ఎక్కాక దానేలు మేలుకున్నాడు. ఏడ్చాడు. కాళ్లు తన్నాడు. అది నాకు బాగా గుర్తుంది. అంటే అమ్మ పెట్టింది దిగిపోయింది. మేలుకున్న పిల్ల దాంతో చావదు. ఆ తర్వాత ఎవరో మళ్లీ పెట్టారు.

అమ్మ చేనులో ఉంది. నాయిన కళ్లంలో ఉన్నాడు. డబ్బీ దూలం మీద ఉండేది. నేను రోలెక్కినా అందేది కాదు. నీకు అందేది.

నేను ఇంతకంటే రాయను. అమ్మకు కూడా చెప్పలేదు. ఇక నువ్వే రాయాలి.

సాలమ్మ

---

హుజూర్‌నగర్,
27 ఏప్రిల్ 1960

సాలమ్మా,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. కాలువ గట్టు మీద కూర్చుని రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకో.

నేనే పెట్టాను.

ఆ వారం కురుమ బీరన్న గొర్రెల మంద దొర చేనులో దిగింది. వాళ్ల కుక్క నాలుగు పిల్లలు పెట్టింది. పొద్దు నెత్తి మీదికి రాకముందు వస్తే ఒకటి ఇస్తానని బీరన్న అన్నాడు. అమ్మ నన్ను ఇంటి కాడ నీకు తోడు ఉండమని చెప్పి పోయింది. దానేలు లేచి ఏడవడం మొదలుపెట్టాడు. ఎంతకూ ఆపడం లేదు. నువ్వు "అన్నా పోకు, నాకు చేతనైతలేదు" అన్నావు. అమ్మ ఎట్లా పెడుతుందో రోజూ చూసేవాణ్ని. రోలు జరిపి, ఎక్కి, డబ్బీ తీశాను. నిన్ను నీళ్లు తెమ్మని బయటికి పంపాను. అమ్మ పెట్టేది ఎంతో నాకు తెలుసు. అంత పెడితే మళ్లీ లేస్తాడేమో, లేస్తే నువ్వు నన్ను పిలుస్తావేమో అని ఎక్కువ తీశాను. జొన్నగింజంత. వేలితో నాలుక మీద రాశాను. నా వేలు చప్పరించాడు. నువ్వు వచ్చాక ఊపమని చెప్పి పోయాను.

కుక్కపిల్లను అంగీ లోపల పెట్టుకుని వస్తే, గుమ్మంలో నాయిన ఒక్కడే నిలబడి ఉన్నాడు. నువ్వు వాకిట్లో మూలకు కూర్చుని ఉన్నావు. నాయిన నా చెయ్యి పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకుపోయాడు. నా వేలు చూశాడు. గోధుమరంగు ఇంకా పోలేదు.

"ఎంత పెట్టినవ్?" అన్నాడు. చెప్పాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు.

"నాకిగ కొడుకంటె నువ్వొక్కనివే. గిది నీకు నాకు తప్ప ఈ మన్నుకు గూడ తెల్వొద్దు" అన్నాడు. లోపలికి పోయి తొట్టెల తాడు ముడి తన చేత్తో విప్పాడు. నేను చూస్తుండగానే విప్పాడు. తర్వాత బయటికి వచ్చి నీ ముందు కూర్చుని, "గట్టిగ ఊపినవ్ గద బిడ్డా, ముడి ఊడింది" అన్నాడు. ఏమీ అరవలేదు. మెల్లగా చెప్పాడు. నువ్వు తల ఊపావు.

కుక్కపిల్లను మరునాడే వెనక్కి ఇచ్చేశాను.

నాయిన చావు ముందు కూడా ఆ మాట ఎత్తలేదు. నేను అనుకునేవాణ్ని, నిన్ను బోర్డింగుకు పంపడం నీకు మేలే అయిందని. చదువుకున్నావు, నర్సమ్మవయ్యావు, జీతం ఉంది. అట్లా అనుకుంటేనే అన్నం దిగేది.

రూతమ్మ సంగతి నువ్వు అడగలేదు గానీ చెబుతాను. బిక్షమ్మ చేతిలో డబ్బీ చూసిన ప్రతిసారీ వద్దని చెప్పాలనే పోయేవాణ్ని. వద్దంటే ఎందుకంటుంది. ఎందుకంటే నీకెట్లా తెలుసంటుంది. అక్కడికి వచ్చేసరికి కాళ్లు వెనక్కి తిరిగేవి. నా పిల్ల చచ్చిపోతుందని తెలిసి కూడా తిరిగేవి.

నన్ను ఏమైనా అను. తిట్టు. జవాబు రాయకుండా మాత్రం ఉండకు.

ఏసోబు

---

జడ్చర్ల,
4 మే 1960

ఏసోబన్నకు,

పదకొండేళ్ల పిల్లవాడు కుక్కపిల్ల కోసం చేసిన పనికి నేను నిన్ను ఏమీ అనను. నల్లమందు ఎంత పెడితే చంపుతుందో నీకు తెలియదు, అమ్మకూ తెలియదు. ఆ ముడి విప్పింది నాయిన. ఆయనకు తెలిసే విప్పాడు. ఆయన ఇప్పుడు లేడు.

కానీ నీకు ఎప్పుడూ పదకొండేళ్లే ఉండిపోలేదు. నాయిన నన్ను బోర్డింగుకు తీసుకుపోయిన రోజు నీకు పదమూడు. బండి వెనక ఊరి చివరి దాకా ఏడుస్తూ పరుగెత్తావు. ఎంత ప్రేమో అనుకున్నాను. నాయిన చనిపోయినప్పుడు నీకు ఇరవై మూడు. ఆ రోజు ఇద్దరం ఒకే చాప మీద కూర్చున్నాం, చెప్పడానికి అడ్డు ఎవరూ లేరు. కంపౌండరు సంబంధం సంగతి రాశాక, చిన్నప్పటిదానికి బాధపడకూడదని జవాబు రాసింది ఈ ఏడే. ఎన్నడైనా ఒక్క మాట అన్నానా అని కూడా రాశావు. ఆ ఉత్తరం ఇంకా నా దగ్గరుంది. డబ్బీ చూసి వెనక్కి తిరిగినప్పుడు నీకు ఇరవై ఏడు.

నాకు రాసింది నాకు చాలదు. అమ్మ పదహారేళ్లుగా తన చేతులు పాపపు చేతులనుకుంటోంది. ఆమెకు నువ్వు చెప్పాలి. ఉత్తరం రాసి కాదు, ఎదురుగా కూర్చుని, నీ నోటితో. వదిన కూడా వినాలి. చెప్పాక నాకు రాయి. అంతవరకు రాయకు.

సాలమ్మ

---

కేతేపల్లి,
18 మే 1960

సాలమ్మకు,

చెప్పాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక చెప్పాను. అమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. బిక్షమ్మ పిల్లకు నీళ్లు పోస్తోంది. నిలబడే చెప్పాను, కూర్చోబుద్ధి కాలేదు. బీరన్న మంద దగ్గర మొదలుపెట్టి నాయిన ముడి విప్పింది దాకా అంతా చెప్పాను. అమ్మ చెయ్యి ఆగలేదు. గింజలు తీస్తూనే ఉంది.

"ఎంత పెట్టినవ్?" అంది.

"జొన్నగింజంత."

"నేను నువ్వుగింజంతనే పెట్టిన" అంది. మళ్లీ కాసేపటికి, "నువ్వుగింజంతనే" అంది.

తర్వాత అడిగింది, "మరి సాలి ఏం జేసింది?"

"ఏం జెయ్యలే అమ్మా. ఊపింది."

అప్పుడు చెయ్యి ఆగింది. నన్ను కొడుతుందేమోనని దగ్గరికి పోయాను. కొడితే బాగుండేది. నన్ను పక్కకు జరగమని సైగ చేసి లోపలికి పోయింది. రెండు చీరలు, దుప్పటి మూట కట్టుకుంది.

"యాడికి పోతవే" అన్నాను.

"నా బిడ్డ మొకం జూసొస్త. మీ నాయిన, నువ్వు, నేను, ముగ్గురం గలిసి దాన్ని పాపిని జేసినం. మీ నాయిన చచ్చి బతికిపోయిండు."

నేను తోడు వస్తానంటే వద్దంది. బిక్షమ్మ సడక్ దాకా పోయి హైదరాబాదు బస్సు ఎక్కించి, జడ్చర్లకు ఎట్లా మారాలో కండక్టరుకు చెప్పి వచ్చింది. చేరిందో లేదో రాయి.

బిక్షమ్మ నాతో మాట్లాడడం లేదు. అన్నం పెడుతుంది, పిల్లను ఎత్తుకుని అవతలికి పోతుంది. నా పిల్లను ఎత్తుకోవాలంటే ఇప్పుడు నేను అడగాల్సి వస్తోంది. కట్ట మీద తొట్టెళ్ల దగ్గరికి పోయి ఆడవాళ్లందరికీ నల్లమందు సంగతి చెప్పాను. ఎట్లా తెలుసని ఇద్దరు అడిగారు. చెప్పాను. ఆ మాట వాడంతా పాకింది. చాలామంది నాతో ముభావంగా ఉంటున్నారు. గుర్వమ్మ మాత్రం తన డబ్బీ తెచ్చి నా ముందు మూసీలో పారేసింది.

నేను జడ్చర్ల రావచ్చా? ఒక్క రోజు వచ్చి నీ ముందు నిలబడి పోతాను.

ఏసోబు

---

జడ్చర్ల,
3 జూన్ 1960

ఏసోబన్నకు,

అమ్మ క్షేమంగా చేరింది. దవాఖాన గేటు కాడ మూట మీద కూర్చుని ఉంటే వాచ్‌మన్ వచ్చి నన్ను పిలిచాడు. ఏ రోగమని వాచ్‌మన్ అడిగితే, "నాకేం రోగం లేదు, నా బిడ్డ గీడ కొలువు జేస్తది" అందట.

నా గది చిన్నది. ఇద్దరికీ సరిపోతుంది. మొదటి వారం నేను డ్యూటీకి పోతే అమ్మ వరండాలో కూర్చుని పిల్లల తల్లులను చూస్తూ ఉండేది. ఇప్పుడు వాళ్లతో మాట్లాడుతోంది. పనికి పోయే తల్లి కనిపిస్తే చాలు, పక్కకు పిలిచి, "నల్లమందు గిట్ట పెడ్తున్నవా? నేను పెట్టిన. జర నా మాటిను" అని మొదలుపెడుతుంది. పేరు దాచుకోదు, ఊరు దాచుకోదు. మొన్న డాక్టరమ్మ కూడా నిలబడి విన్నది.

నిన్న అమ్మకు తలకు నూనె రాస్తుంటే అడిగింది.

"గా దినం ఎంతసేపు ఊపినవ్ బిడ్డా?"

ఇంతవరకు నన్ను ఎవరూ అడగని మాట అది. ఏం జరిగిందో అందరూ నాకు చెప్పినవాళ్లే.

"చేతులు నొచ్చేదాంక" అన్నాను.

"ఏడుపు ఆగినంక గూడనా?"

"ఆగినంక గూడ. నిద్రవోయిండనుకున్న. లేస్తడేమోనని ఆపలే."

అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అమ్మ తల తిప్పుకుని మళ్లీ నూనె రాయమంది.

ఆమె ఇప్పట్లో అక్కడికి రానంటోంది. నేను కూడా పంపను. ఉండాలనుకున్నన్ని రోజులు ఉంటుంది.

కట్ట మీద ఆడవాళ్లకు చెప్పావని రాశావు. మంచి పని. దానికోసం నిన్ను మెచ్చుకోవాలని కూర్చున్నాను గానీ కలం ముందుకు పోలేదు. నీ మీద కోపం తగ్గిందా అని నన్ను నేను అడిగి చూసుకుంటున్నాను. కొన్ని రోజులు తగ్గినట్టే ఉంటుంది. వార్డులో తొట్టెల పక్కన కూర్చుని పిల్లను ఊపుతున్నప్పుడు, ఇది నాకు ఎప్పుడో దక్కాల్సింది కదా అనిపిస్తుంది. అప్పుడు మళ్లీ వస్తుంది.

రూతమ్మను నెలకు ఒకసారి తూకం చూడాలి. ఈ నెలాఖరుకు వదినను, పిల్లను ఇక్కడికి పంపు. నాలుగు రోజులు ఉంచుకుని పంపుతాను. దారిలో తాగడానికి కాచిన నీళ్లు సీసాలో పోసి ఇవ్వు. ఎండ పడని వైపు సీటు చూసి కూర్చోబెట్టు.

నువ్వు రావచ్చా అని అడిగావు. ఇప్పుడు వద్దు. వాళ్లను బస్సు ఎక్కించి, నువ్వు కిందే ఆగిపో.

సాలమ్మ